ఇంజెక్టర్ లోపాల నిర్ధారణ (పెట్రోలు కార్లు)

ఐడ్లింగ్‌లో, అంటే సుమారు 700–900 ఆర్.పి.ఎం. దగ్గర, ఇంజిన్ వణుకుతూ మిస్ కొడుతున్నప్పుడు తప్పు ఇంజెక్టర్‌దేనా అని తేల్చుకునే పద్ధతులు. ఈ వ్యాసం ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి పరిస్థితులను దృష్టిలో పెట్టుకుని రాసింది. అక్కడి ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్‌లో తెలుగు కుటుంబాలూ తరాలుగా స్థిరపడ్డాయి.

ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌కు ఆద్యులెవరన్నది వివాదాస్పదం. అమెరికాలో బెండిక్స్ సంస్థ 'ఎలక్ట్రోజెక్టర్' 1957లోనే వెలుగులోకి వచ్చింది. 1958 మోడల్ క్రిస్లర్ కార్లు కొద్దింటికి అమర్చారు గానీ, వాటిలో చాలావాటికి తర్వాత కార్బురేటర్లే బిగించారు. రోడ్డు మీద నిలబడిన తొలి వ్యవస్థగా 1967 నాటి బాష్ డి-జెట్రానిక్‌ను లెక్కించడమే సమంజసం. భారత్‌లో యూరో నిబంధనల ఒత్తిడితో 2000 ప్రాంతంలో ఎం.పి.ఎఫ్.ఐ. (మల్టీ పాయింట్ ఫ్యూయల్ ఇంజెక్షన్) కార్లు మామూలయ్యాయి.

ఇంజెక్టర్ మూతి పూడుకుపోయేది ఎక్కువగా బండి ఆపాకే. ఆపిన ఇంజిన్ వేడికి మూతి దగ్గర మిగిలిన పెట్రోలు ఆవిరై, జిగురులాంటి పొర మిగులుతుంది. భిలాయి టౌన్‌షిప్‌లోని సెక్టార్ క్వార్టర్ నుంచి ప్లాంటు గేటుకో, సివిక్ సెంటర్‌కో నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆపే బండికి ఈ గండం రోజుకు పలుమార్లు ఎదురవుతుంది. మే నెల ఎండలో బానెట్ కింద వేడి తగ్గడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు ఈ పొరను పెంచుతుందా, కరిగిస్తుందా అన్నదానిపై అభిప్రాయాలు ఏకం కాలేదు.

అనుమానం ముందు ఇంజెక్టర్ మీదికి వెళ్లకూడదు. ఐడ్లింగ్‌లో వణికి, రేసింగ్ ఇవ్వగానే సర్దుకుంటే, పైగా స్కానర్ పి0300 (ఏ ఒక్క సిలిండర్‌దీ అని తేలని మిస్) కోడ్ చూపిస్తే, వ్యాక్యూమ్ లీకో, మసి పట్టిన థ్రాటిల్ బాడీయో కారణం కావచ్చు. పి0303 వంటి కోడ్ వస్తే మిస్ అవుతున్నది మూడో సిలిండర్ అని మాత్రమే అర్థం. ఎందుకన్నది కోడ్ చెప్పదు. అప్పుడు ప్లగ్గు, కాయిల్ ముందు మార్చి చూడాలి.

పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజెక్టర్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వినడం పాత మెకానిక్కుల పద్ధతి. టిక్‌టిక్ వినిపిస్తే సూది కదులుతున్నట్టే. స్ప్రే సరిగా పడుతోందని కాదు. వినిపించకపోతే కనెక్టర్ తీసి మల్టీమీటర్‌తో కొలవాలి. సాధారణ రకాల్లో నిరోధం 12–16 ఓములు ఉంటుంది. కాయిల్ బాగుంటే, నాయిడ్ లైటు పెట్టి ఇంజిన్ కంప్యూటర్ నుంచి పల్స్ వస్తోందో లేదో చూస్తారు.

ఇన్ని పరీక్షల్లో నమ్మదగినది అదలుబదలు. పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి లైన్‌లో ఒత్తిడి తగ్గించాలి. ఆపై మూడో ఇంజెక్టర్‌ను ఒకటో సిలిండర్‌లో, ఒకటోదాన్ని మూడోదాంట్లో బిగించాలి. మిస్ ఒకటికి మారి పి0301 వస్తే దోషం ఇంజెక్టర్‌దే. మూడులోనే ఉండిపోతే వైరింగ్, కంప్రెషన్ పరీక్షించాలి. ఈ పరీక్ష చేయకుండానే నాలుగింటినీ క్లీనింగ్‌కు పంపడం డబ్బు వృథా.

పూడిక కాక కారడం ఉంటే లక్షణాలు వేరు: ఉదయం స్టార్టింగ్ కష్టం, నల్లబడిన ప్లగ్గు, పెట్రోలు వాసన. టెస్ట్ బెంచి మీద గాజు గొట్టాల్లో నాలుగు ఇంజెక్టర్లు చిమ్మిన ద్రవం పరిమాణాన్ని పక్కపక్కన పోలుస్తారు. ఎంత తేడా వరకు సహించవచ్చన్నది కంపెనీని బట్టి మారుతుంది. స్ప్రే ఆపాక మూతి నుంచి బొట్లు పడుతూ ఉంటే ఆ ఇంజెక్టర్ కారుతున్నట్టే.

తిరిగి బిగించేటప్పుడు కొత్త ఓ-రింగులు తప్పనిసరి; గట్టిపడిన పాత రబ్బరు నుంచి పెట్రోలు వేడి మానిఫోల్డ్ మీద కారితే మంటలు లేచే ప్రమాదం ఉంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఒత్తిడి వంద బార్లు దాటుతుంది కాబట్టి పై విప్పుడు పద్ధతులు వాటికి వర్తించవు.