పదహారేళ్ళ పిల్లలకు ఎంత స్వేచ్ఛ?



పొద్దున్నే తిరుత్తణి స్టేషనులో నిలబడి చూడండి. పుస్తకాల సంచులతో చెన్నై బండి కోసం కాచుకున్న పిల్లలు కనిపిస్తారు. తిరువళ్ళూరులో ఇంకొందరు ఎక్కుతారు. పదహారు, పదిహేడేళ్ళవాళ్ళు. సాయంత్రం వాళ్ళు ఇల్లు చేరేదాకా తల్లిదండ్రులకు గుబులే. ఈ వయసు పిల్లలను ఎంతవరకు వదలాలి? ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. మన ఊరి చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది, వినండి.

1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు పుట్టారు. తండ్రి వీరాస్వామి గారు జమీందారు కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి. రాబడి అంతంతమాత్రం. అయినా కొడుకును చిన్న వయసులోనే తిరుపతి మిషన్ బడికి పంపారు. తర్వాత వేలూరు. పదహారు, పదిహేడేళ్ళకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీ.

ఇంత దూరం పంపిన కాలంలోనే పెళ్ళి మాత్రం పెద్దల చేతిలో ఉండేది. చిన్న వయసులోనే దూరపు బంధువుల అమ్మాయి శివకాముతో వివాహమైంది. ఆమె ఇంకా చిన్నపిల్ల. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో ఆడపిల్లకు పైచదువుల ప్రయాణమే లేదు. ఇక చదువు సంగతి.  అదే కాలేజీలో చదివిన బంధువొకరు తన తత్వశాస్త్ర పుస్తకాలు ఇచ్చారు. కొత్తవి కొనే స్తోమత లేక ఆ శాస్త్రమే చదివారు.

అయితే ఆలోచనకు ఎవరూ అడ్డుకట్ట వేయలేదు. మిషనరీ ఆచార్యులు హిందూ ధర్మాన్ని విమర్శిస్తే, ఆయన వేదాంతంలోని నీతిపై ఎం.ఏ. వ్యాసం రాసి జవాబిచ్చారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు. 1962లో రాష్ట్రపతి అయ్యారు. అందుకని పిల్లల పెళ్ళీ చదువూ మనమే తేల్చెయ్యాలని ఎవరైనా అంటే, అది పొరపాటు. ఆయనను పెంచినది దొరికిన ఆ కొంచెం స్వేచ్ఛే.

తర్వాత చట్టాలు మారాయి. 1929 శారదా చట్టం పెళ్ళికి అమ్మాయికి 14, అబ్బాయికి 18 ఏళ్ళు నిండాలంది. 1978లో అవి 18, 21 అయ్యాయి. 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. దేశాన్ని ఎవరు ఏలాలో చెప్పగల బిడ్డ, ఏ కాలేజీలో చేరాలో ఇంట్లో చెప్పగలుగుతోందా?

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. మన ఊరు ఎటు ఉండాలో మనకూ ఒక మాట ఉండాలని అనుకోవడం సహజం. మన పిల్లలూ అడిగేది అదే.

అలాగని పగ్గాలు ఒక్కసారిగా వదలమని కాదు. ముందు నెల ఖర్చు చేతికిచ్చి లెక్క అడగండి. తర్వాత చదువు ఎంచుకోనివ్వండి. ఇంటికి చేరే వేళ కలిసి నిర్ణయించుకోండి. అబ్బాయికిచ్చినది అమ్మాయికీ ఇవ్వండి. తప్పు చేస్తే, వచ్చి చెప్పుకునే ధైర్యం ఇవ్వండి.

తిరుత్తణి కొండకు 365 మెట్లు. పసిబిడ్డను చంకనెత్తుకొని ఎక్కుతాం. కాస్త పెద్దయితే వేలు పట్టుకొని నడిపిస్తాం. పదహారేళ్ళవాడు మనకంటే ముందే ఎక్కి, పైమెట్టు మీద కూర్చుని మనకోసం చూస్తుంటాడు. కింద నుంచి మనం కేకేస్తే వినపడే దూరంలోనే ఉంటాడు.