అమరావతి శిల్పమున భయమును శాంతియు

గుంటూరునుండి ప్రత్తిచేలను, మిరపతోటలను దాటి ఉత్తరముగా పోవువారికి కృష్ణ కుడిగట్టున అమరావతి కానవచ్చును. అచ్చటి మహాస్తూపమున నేడు అడుగుభాగము మాత్రమే మిగిలియున్నది. ఆ స్తూపపు ప్రాకారమును అలంకరించిన శిలాఫలకములలో ఒకటి చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములో కలదు. క్రీ. శ. 2వ శతాబ్దమునాటి ఆ గుండ్రని ఫలకము నలగిరి యను ఏనుగు కథను చెప్పును. ఒక్క అక్షరమైనను చెక్కక, రేఖల పోకడచేతనే శిల్పి మన హృదయమున భయమును పుట్టించి, దానిని ఎట్లు చల్లార్చెనో ఇప్పుడు విచారింతము.

కథ చిన్నది. దేవదత్తుడు బుద్ధుని చంపింపనెంచి, మదించిన నలగిరిని రాజగృహపు వీథిలో విడిపించెను. అది ఎదురైనవారినెల్ల త్రొక్కుచు వచ్చి, బుద్ధుని మైత్రికి లొంగి, ఆయన పాదములకడ మోకరిల్లెను.

శిల్పి ఆ ఏనుగును ఒకే ఫలకమున రెండుమారులు చెక్కినాడు. ఎడమప్రక్క అది వీథిలోనికి దూకుచున్నది. తొండమున ఒక మనుష్యుడు చిక్కియున్నాడు. ఇచ్చట ఏ రేఖకును నిలుకడ లేదు. ఒరిగిన దేహములు, ఎత్తిన చేతులు ఏటవాలుగా ఒకదానితో నొకటి పెనగులాడుచున్నవి. ఒక స్త్రీ జంకి వెనుకకు ఒదిగినది. ఆమె ముఖమును వెదకనక్కరలేదు. దేహపు వంపే భయమును చెప్పును. మేడ కిటికీలనుండి జనులు తొంగిచూచుచున్నారు. వారి చూపు వెంట మన చూపును వీథిలోనికి దిగును.

కుడిప్రక్కకు రండు. అదే ఏనుగు మోకాళ్లపై వ్రాలినది. ఉవ్వెత్తున లేచిన గీత ఇచ్చట మెల్లగా నేలకు జారి, బుద్ధుని పాదములకడ ఆగిపోవును. దాని కెదురుగా బుద్ధుడు నిటారుగా నిలిచియున్నాడు. అంత కల్లోలము నడుమ చలింపని రేఖ అదియే. ఆయన చేయి విసరుటయు లేదు, అడుగు ముందుకు వేయుటయు లేదు. ఆ నిలుకడయే విజయము.

ఫలకము గుండ్రనిది గనుక మన చూపు శాంతికడనే ఆగదు; అంచువెంట తిరిగి మరల భయముకడకే వచ్చును. శిల్పి కలతను చెరిపివేయలేదు, శాంతి ప్రక్కనే నిలిపినాడు. ఎంత భయమును దాటి వచ్చినదో తెలిసినపుడుగదా శాంతి విలువ తెలియుట!

ఇంత సన్నని పనికి నప్పినది పలనాటి సున్నపురాయి. లేత ఆకుపచ్చ చాయగల ఆ రాతి గుణమే దానికి చేటయ్యెను. ఎన్నో ఫలకములు కాలి సున్నమయ్యెను. 1797లో మెకంజీ ఈ దిబ్బను చూచునాటికే కట్టడములకై రాళ్లను పెరుకుచుండిరి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిలలు మద్రాసు చేరెను; వానిలో పెక్కు 1859లో లండనుకు తరలిపోయెను. 1880నుండి అవి బ్రిటిష్ మ్యూజియమున నున్నవి.

సున్నమైన శిలను ఎవ్వరును మరల తేలేరు. మిగిలినవానినైనను చదువనేర్చుట మన చేతిలోని పని. చెన్నపట్టణము పోయినపుడు ఆ ఫలకముముందు కొంతసేపు నిలువుడు. ప్రక్కనున్న చీటీని చదువుటకు ముందు, ఏనుగు వీపు గీతవెంట ఒకమారు మీ చూపును నడపుడు. మన సీమ శిల్పి చెప్పదలచినది ఆ వంపుననే కలదు.