గడప ముందరి చరిత్ర

చరిత్ర ఎవరు రాశారన్న ప్రశ్న మనం చాలాకాలంగా అడుగుతూనే ఉన్నాం. ఎక్కడ రాశారన్నది కూడా అడగాలి. రాజులు గుడిగోడల మీద రాయించుకున్నారు. పాలకులు చౌరస్తాల్లో విగ్రహాలు నిలబెట్టుకున్నారు. హత్యకు గురైనవాళ్ళ చరిత్రని వాళ్ళ గడప ముందే రాసే పని జర్మనీలో జరుగుతోంది. దాన్ని మనం జాగ్రత్తగా చదవాలి.

గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు మొదలుపెట్టిన పని ఇది. పది సెంటీమీటర్ల సిమెంటు దిమ్మె, దాని పైన ఇత్తడి రేకు. నాజీల బాధితులు తమ ఇష్టంతో కాపురమున్న చివరి ఇల్లు ఏదో వెతికి, దాని ముందు కాలిబాటలో ఈ దిమ్మెని పాతుతారు. ‘ఇక్కడ నివసించారు’ అన్న మాటతో మొదలై పేరు, పుట్టిన ఏడు, ఎప్పుడు ఎక్కడికి తరలించారు, ఏమైంది అన్నవి ఆ రేకు మీద ఉంటాయి. ఒక మనిషికి ఒక రాయి. జర్మన్ భాషలో వీటి పేరుకి ‘కాలికి ఎదురుదెబ్బ తగిలించే రాళ్ళు’ అని అర్థం.

దీని పుట్టుక తెలుసుకోవాలి. 1940 మే నెలలో కొలోన్ నగరం నుంచి వెయ్యిమంది రోమా, సింతీ జనాన్ని నాజీలు పోలెండుకు తోలారు. 1990లో డెమ్నిగ్ ఆ దారి పొడవునా రంగుతో గీత గీశాడు. అప్పుడొక పెద్దావిడ ‘ఈ పేటలో జిప్సీలు ఎప్పుడూ లేరే’ అన్నదని ఆయన చెబుతాడు. మనుషులు ఇళ్ళలోంచే కాదు, ఇరుగుపొరుగు జ్ఞాపకంలోంచి కూడా ఖాళీ అయ్యారన్నమాట. 1992లో కొలోన్ నగర భవనం ముందు మొదటి రాయి పడింది. 1996లో బెర్లిన్ క్రాయిట్స్‌బెర్గ్ పేటలో అనుమతి లేకుండానే 51 రాళ్ళు పాతాడు. 2023 నాటికి ఐరోపాలో ఇవి లక్షకు చేరాయి. వీటిలో ఎక్కువ యూదులవే.

‘మాకేం తెలియదు’ అన్న మాట యుద్ధం తర్వాత జర్మనీ అంతటా వినిపించింది. ఇంటి చిరునామా ముందు ఆ మాట నిలబడదు. 1939 ఏప్రిల్ చట్టంతో అద్దెకున్న యూదులకి రక్షణ తీసేశారు. ఇళ్ళు ఖాళీ చేయించి, ‘యూదుల ఇళ్ళు’ అని పేరుపెట్టిన చోట్ల కుక్కారు. ‘ఇష్టంతో ఉన్న చివరి ఇల్లు’ అని డెమ్నిగ్ పట్టుబట్టేది ఇందుకే. 1941 సెప్టెంబరు నుంచి బట్టల మీద పచ్చ నక్షత్రం కుట్టుకోవాలి. 1942 మార్చిలో తలుపు మీద కూడా అంటించమన్నారు. తరలించే ముందు ఇంట్లో సామానంతా జాబితా రాసివ్వాలి. 1941 నవంబరు ఉత్తర్వు ప్రకారం సరిహద్దు దాటగానే ఆస్తి ప్రభుత్వపరం. ఆ సామాను వేలం వేశారు. పాట పాడింది ఎవరు? అదే ఊరి జనం. మంచం కొన్నవాడికి అది ఎవరి మంచమో తెలియదా?

చంపినవాడి కాగితమే ఈనాడు సాక్ష్యం. 1939 జనాభా లెక్కల కార్డుల్లోంచి, ఆస్తి జాబితాల్లోంచి, రైలు జాబితాల్లోంచి స్కూలు పిల్లలు, టీచర్లు, వాడకట్టు జనం పేర్లు వెతుకుతున్నారు. 1939 జనవరి నుంచి యూదు మగవాళ్ళ పేర్లకి ‘ఇజ్రాయెల్’ అనీ, ఆడవాళ్ళ పేర్లకి ‘సారా’ అనీ బలవంతంగా తగిలించారు. రాయి మీద ఆ తగిలింపు రాయరు. అధికారి అంటించిన పేరుని తీసేసి అమ్మానాన్నలు పెట్టిన పేరుని తిరిగివ్వడం ఎంత పనో మనకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

అందరూ దీన్ని ఒప్పుకోలేదు. మ్యూనిక్ యూదు సమాజం అధ్యక్షురాలు షార్లట్ క్నోబ్లోఖ్ చిన్నప్పుడు నాజీల నుంచి దాక్కుని బతికిన మనిషి. చచ్చినవాళ్ళ పేర్లని మళ్ళీ కాళ్ళ కింద పడేస్తారా అన్నది ఆమె అభ్యంతరం. 2004లో నగర పాలకమండలి తమ వీధుల్లో ఈ రాళ్ళు వద్దంది. 2018 నుంచి అక్కడ గోడల మీద, స్తంభాల మీద కంటి ఎత్తులో పేర్లు పెడుతున్నారు. రాళ్ళే కావాలని కోర్టుకెక్కిన బాధిత కుటుంబాలూ ఉన్నాయి. చదవాలంటే తలవంచక తప్పదు కదా అన్నది వీటిని సమర్థించేవాళ్ళ జవాబు. మేం తీర్పు చెప్పం. అయితే, కాళ్ళ కింద బతకడమంటే ఏమిటో తెలిసినవాళ్ళం కనుక క్నోబ్లోఖ్ మాట మాకు గట్టిగానే తగిలింది. ఎట్లా గుర్తుంచుకోవాలన్న చర్చలో బాధితుల మాట ముందుండాలి.

2024లో త్సైట్స్ పట్టణంలో ఈ రాళ్ళని ఎవరో పెకలించుకుపోయారు. అంటే ఆ పేర్లు ఇంకా ఎవరికో ఎదురుదెబ్బ తగిలిస్తూనే ఉన్నాయి.

బాబాసాహెబ్ తన రాతల్లో ఒకదానికి ‘అంటరానివాళ్ళు లేదా భారతదేశపు ఘెట్టో బిడ్డలు’ అని పేరుపెట్టారు. ఘెట్టో యూదుల చరిత్రలోంచి వచ్చిన మాట. రెండు చరిత్రలూ ఒకటేనని మేం అనడం లేదు. వాళ్ళని పక్కింట్లోంచి లాక్కెళ్ళారు. మనల్ని పక్కింట్లో ఉండనిచ్చిందే లేదు. 1985 జులై 17 తర్వాత కారంచేడు మాదిగలు చీరాలలో తలదాచుకున్నారు. వాళ్ళ గడపలు మాత్రం కారంచేడులో ఉండిపోయాయి. ఏ గడప ఎవరిదో చెప్పగల పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. రాయి పాతాలా, గోడమీద రాయాలా అన్నది వాళ్ళే చెప్పాలి. ముందు వాళ్ళ దగ్గర కూచుని పేరూ గడపా రాసుకుందాం.