ల్యుకేమియా చికిత్స, పిల్లల చదువు: యల్లాప్రగడ నుంచి బాగేపల్లి దాకా

పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా. ఎముక మూలుగలో తెల్లకణాలు పక్వానికి రాకుండానే లెక్కకు మించి పెరిగి తక్కిన కణాలకు చోటు లేకుండా చేసే ఈ జబ్బు, రెండు నుంచి ఐదేళ్ల వయసులో ఎక్కువగా బయటపడుతుంది. 1947కు ముందు దీని బారిన పడ్డ పిల్లలు కొద్ది నెలల్లోనే కన్నుమూసేవారు. ఆ స్థితిని మార్చిన మందు, 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు కృషి నుంచి వచ్చింది. కణాలు విభజన చెందడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లమనే విటమిన్‌ను, ఆ తరువాత దాని పోలికలోనే ఉండి దాని పనికి అడ్డుపడే అమైనోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లను లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం తయారు చేసింది. సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు అమైనోప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో జబ్బు కొంతకాలం తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు మరణించారు.

అయితే తగ్గిన జబ్బు మళ్లీ తిరగబెట్టేది, అదీ తరచుగా మెదడు పొరల్లో. రక్తంలోని మందును మెదడులోకి సులభంగా పోనివ్వని సహజమైన అడ్డుగోడ వెనుక క్యాన్సర్ కణాలు దాగి ఉండడమే అందుకు కారణం. 1962లో మెంఫిస్‌లో తెరిచిన సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ అనే వైద్యుడు, మన జనం కరెంటు పెట్టడమని చెప్పుకొనే రేడియేషన్‌ను 2,400 రాడ్ల మోతాదులో తలకు ఇస్తూ, మెథోట్రెక్సేట్‌ను వెన్నులోకి ఎక్కించారు. పిల్లవాడిని పక్కకు తిప్పి, మోకాళ్లు పొట్టకు ఆనేలా ముడుచుకునేట్టు పట్టుకొని, నడుము దగ్గర వెన్నుపూసల సందులో వేసే ఆ సూది నేటికీ చికిత్సలో భాగమే. 1967లో మొదలైన ఆ ప్రయోగంతో సుమారు సగం మంది పిల్లలు పూర్తిగా కోలుకున్నారు.

బతికిన పిల్లలు బడికి వెళ్లిన తరువాత గానీ ఆ చికిత్సకు చెల్లించిన మూల్యం తెలిసిరాలేదు. ఒకే పిల్లలను ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చిన అన్నా మెడోస్ బృందం, తలకు రేడియేషన్ పొందిన పిల్లల తెలివితేటల మార్కులు క్రమంగా పడిపోతున్నాయని, చిన్న వయసువారిలో ఆ నష్టం ఎక్కువని 1981లో తేల్చింది. దెబ్బ తినేవి ముఖ్యంగా ఏకాగ్రత, పనిలో వేగం, విన్నదాన్ని మనసులో నిలుపుకొని దానితో పని చేసే శక్తి. పరీక్షకుడు 5, 8, 2 అని చెబితే 2, 8, 5 అని వెనక్కి అప్పగించవలసిన చోట ఇటువంటి పిల్లలు తడబడతారు. మెదడు తంతువులను చుట్టి సంకేతాలను వేగంగా నడిపే తెల్ల పదార్థం ఆ వయసులో ఇంకా ఏర్పడుతూ ఉండడం ఇందుకు ప్రధాన కారణం. అందువల్ల రేడియేషన్‌ను మొదట 1,800 రాడ్లకు తగ్గించారు. సెయింట్ జూడ్ 2009లో ప్రకటించిన ఫలితాలు దానిని పూర్తిగా మానినా జబ్బు నయమవుతుందని చూపాయి. అయినా మెథోట్రెక్సేట్ కూడా మెదడుకు పూర్తిగా నిరపాయకరమైనదేమీ కాదు. భారతదేశంలో 1984 నుంచి మద్రాసు, బొంబాయి, ఢిల్లీ కేంద్రాల్లో అమలైన ఎంసీపీ-841 అనే చికిత్సా పద్ధతిలోనూ తలకు రేడియేషన్ ఉండేది. ప్రాణం దక్కడమే గగనమైన రోజుల్లో తీసుకున్న ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి అయిన చోట ఈ నష్టాన్ని గుర్తించడం ఇంకా కష్టం. కర్ణాటకలో 2007లో కోలారు నుంచి విడివడిన చిక్కబళ్ళాపురం జిల్లాలో, భక్తకవి కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడలోనూ కీర్తనలు కట్టిన చింతామణి సీమలోనూ, ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న బాగేపల్లిలోనూ చాలామంది పిల్లలకు ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడ. ఈ ప్రాంతానికి పెద్దాసుపత్రి అంటే బెంగళూరే. అక్కడ 1973లో ఏర్పడిన కిద్వాయ్ క్యాన్సర్ సంస్థ, 1974లో ఏర్పడిన మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది కాబట్టి ఆ పిల్లలకు అక్షరాలు దిద్దే ఏళ్లే చేజారిపోతాయి. లోపం మాత్రం ఆలస్యంగా, భాగహారాలూ పెద్ద పాఠాలూ మొదలయ్యే తరగతుల్లో బయటపడుతుంది గనుక, దానిని పాత జబ్బుతో ముడిపెట్టడం ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ తట్టకపోవచ్చు.

ఇక్కడ కొలతే ఒక చిక్కు. 1969లో నాగపూర్‌లో మాలిన్ అనే పరిశోధకుడు భారతీయ పిల్లలకు అనువుగా మలచిన తెలివితేటల పరీక్షలోనూ, 5 నుంచి 15 ఏళ్ల వారి కోసం నిమ్హాన్స్ 2004లో రూపొందించిన పరీక్షల్లోనూ మాటలతో పని ఉన్న భాగాలు ఉన్నాయి. కన్నడంలో అడిగిన ప్రశ్నకు బాగేపల్లి పిల్లవాడు తడుముకుంటే అందులో జబ్బు వంతెంత, భాష వంతెంత, పోయిన బడి రోజుల వంతెంత అన్నది మార్కులను చూసి విడదీయలేము. అంకెల కింద గుర్తులను చూసి వేగంగా దిద్దే పరీక్షలో మాత్రం భాష అడ్డు చాలా తక్కువ, పైగా అది కొలిచే వేగమే ఈ చికిత్సకు ముందుగా దెబ్బతినే శక్తి. సరిహద్దు తాలూకాల పిల్లలకు అటువంటి పరీక్షను చికిత్స తొలినాళ్లలోనే ఒకసారి పెట్టి, ఆపైన ఏడాదికోసారి వచ్చే ఫలితాన్ని బెంగళూరు పిల్లల సగటుతో కాక ఆ పిల్లవాడి తొలి ఫలితంతోనే పోల్చడం మేలు.