దెయ్యం కథ ఎవరు రాయాలి?

మొన్న జుమ్మా నమాజ్ అయ్యాక మేడ్చల్‌లో చాయ్ తాగుతుంటే ఒక దోస్త్ అడిగాడు: "దెయ్యం సినిమాల్లో కథలు రాసేవాడే ఎందుకు ఇరుక్కుంటాడు భాయ్?"

ముందు రచయిత తెర వెనకే ఉండేవాడు. యండమూరి వీరేంద్రనాథ్ నవల 'తులసి' 1986లో 'కాష్మోరా' సినిమా అయ్యింది. 2014లో రాజ్ కిరణ్ తీసిన 'గీతాంజలి'లో రాసేవాడే తెర మీదికొచ్చాడు. డైరెక్టర్ కావాలని కథ పట్టుకుని హైదరాబాద్ వచ్చిన శ్రీనివాస రెడ్డికి అద్దె ఫ్లాట్‌లో చనిపోయిన అమ్మాయి రూహ్ ఎదురవుతుంది. చిన్న బడ్జెట్‌కి ఇది బాగా కుదురుతుంది. రాసేవాడు రాత్రంతా ఒంటరిగా మేల్కొంటాడు. ఒక ఇల్లు, నలుగురు మనుషులు, కొంచెం చప్పుడు చాలు.

దేన్ని చూసి భయపడాలో కూడా రాసేవాడే తేలుస్తాడు. 2022లో సాయి కిరణ్ 'మసూద'లో నాజియా ఉంది, పీర్ బాబా ఉన్నాడు, నల్ల బుర్ఖాలో దెయ్యం ఉంది. మన పేర్లు విని ఖుషీ అయ్యాను. బుర్ఖా దగ్గర మాత్రం దిల్ కలుక్కుమంది. నాకు బుర్ఖా అంటే అమ్మీ.

మా నానీ శామీర్‌పేట చెరువు జిన్నాత్ ఖిస్సాలు చెప్పేది. వాటిలో జిన్ను దారి తప్పిన పిల్లోణ్ణి ఇంటికి చేర్చేవాడు. ఇరవై ఏళ్లుగా ఖబర్లు రాస్తున్నాను, ఆ ఖిస్సా ఒక్కటీ రాయలేదు. ఇప్పుడు నానీ లేదు. నా షికాయత్ సినిమావాళ్ల మీద కాదు, నా మీదే. మీ ఇంట్లో నానీ, దాదీ ఉంటే ఈ రాత్రే అడిగి రాసుకోండి.