సాంచెల సీమలో వైద్యయంత్రాల కొలువు

కరీంనగర్ నుంచి 2016 అక్టోబరు 11న విడివడిన జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో బయోమెడికల్ ఇంజినీరింగ్, అంటే వైద్య పరికరాలను రూపొందించి, పరీక్షించి, వాటిని నిత్యం పనిచేసే స్థితిలో ఉంచే సాంకేతిక విద్య, ఒక బతుకుదెరువుగా కనిపించడం ఇటీవలి పరిణామమే అయినా, దానికి కావలసిన హస్తనైపుణ్యం ఈ నేలకు కొత్తది కాదు. స్థానికులు సాంచెలని పిలిచే మరమగ్గాలు నడిచే సిరిసిల్లలో, యంత్రం ఆగితే కూలి ఆగుతుందని, దాన్ని బాగుచేసేవాడే ఇంటి పొయ్యి వెలిగిస్తాడని అందరికీ తెలుసు. ఆస్పత్రుల్లో మాత్రం అలాంటి పనివాడికి గుర్తింపు చాలా ఆలస్యంగా దక్కింది.

తెలుగునాట ఈ రంగానికి తొలి ఊపు వైద్య కళాశాలల నుంచి గాక హైదరాబాద్‌లోని రక్షణ ప్రయోగశాలల నుంచి రావడం విశేషం. పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లను, అంటే కాలికి ఊతమిచ్చే పట్టీలను, ఈడ్చుకుంటూ నడవడాన్ని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ ఎముకల వైద్యులు ఎ.పి.జె. అబ్దుల్ కలాం దృష్టికి తేగా, అగ్ని క్షిపణి కోసం సాధించిన తేలికపాటి పదార్థాల పరిజ్ఞానంతో ఆ బరువును 300 గ్రాములకు దించారు. 1990లలోనే కలాం, హృద్రోగ నిపుణుడు బి. సోమరాజు కలిసి, పూడుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే స్టెంటును తక్కువ ధరకు రూపొందించారు. ఈ రెండు ప్రయత్నాలూ బయోమెడికల్ పట్టాతో మొదలైనవి కావు. లోహాలు, మిశ్రమ పదార్థాలు తెలిసినవారు వైద్యుల అవసరాన్ని చెవిన పెట్టినందువల్ల సాధ్యమైనవి.

జిల్లా ఆస్పత్రుల కథ వేరు. అక్కడ యంత్రం కొనడానికి నిధులు దొరికినంత సులువుగా, చెడిపోయినప్పుడు బాగుచేయించడానికి దొరికేవి కావు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి జాతీయ ఆరోగ్య మిషన్ 2015లో బయోమెడికల్ పరికరాల నిర్వహణ కార్యక్రమాన్ని చేపట్టి, ప్రతి పరికరానికీ గుర్తింపు సంఖ్య కేటాయించి, మరమ్మతు బాధ్యతను ఒప్పందంపై ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించే పద్ధతి తెచ్చింది. జిల్లాల్లో ఇంజినీర్లకు పని పుట్టింది ఇలాగే. అయితే ఆ కొలువులో ఎక్కువ భాగం సర్కారుది గాక ఏజెన్సీది కావడం, ఒప్పందం ముగిస్తే ఉద్యోగమూ అనిశ్చితిలో పడడం ఈ పద్ధతి పుట్టుకతోనే వచ్చిన బలహీనత.

ఆ పని స్వభావం ఈసీజీ యంత్రం దగ్గర స్పష్టమవుతుంది. ఒక మిల్లీవోల్టు సంకేతం ఇస్తే కాగితంపై గీత సరిగ్గా 10 మిల్లీమీటర్లు లేవాలి, కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు కదలాలి. ఈ కొలత తప్పితే ఆరోగ్యంగా ఉన్న గుండె జబ్బుగానూ, జబ్బు గుండె ఆరోగ్యంగానూ కనిపించే ప్రమాదం ఉంది. ఇలా యంత్రాన్ని ప్రామాణిక కొలతతో సరిచూడడాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. చెడిపోయిన యంత్రం కంటే తప్పు చూపుతూ నడిచే యంత్రమే ఎక్కువ హాని చేస్తుంది కనుక, ఈ వృత్తిలో మరమ్మతు కన్నా క్యాలిబ్రేషనే పెద్ద బాధ్యత.

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలవడంతో ఇలాంటి పరికరాల అవసరం ఈ ప్రాంతంలో బాగా పెరిగింది. జగిత్యాల జిల్లాలోనే ఉన్న కోరుట్లలో పశువైద్య కళాశాల కూడా ఉంది. పశువులకు వాడే అల్ట్రాసౌండ్, ఎక్స్‌రే యంత్రాలు మనుషులవాటి సూత్రాలతోనే పనిచేస్తున్నా, ఉపాధి లెక్కలు వేసేవారు ఆ వైపు చూడడం అరుదు.

చదువు విషయానికొస్తే, ఈ శాఖలో పట్టా కోరే విద్యార్థి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలకో, నర్సాపూర్‌లోని బి.వి. రాజు సంస్థకో వెళ్లవలసి ఉంటుంది. పైచదువుకు ఐఐటీ హైదరాబాద్ ఉంది, 2020 నుంచి గేట్ పరీక్షలో ఈ శాఖకు ప్రత్యేక పేపరూ ఉంది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007లో వెలసిన జేఎన్‌టీయూ కళాశాలలో ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్ చదివినవారికీ ఆస్పత్రి యంత్రాల దారి మూసుకోలేదు. 2021లో ప్రారంభమైన సిరిసిల్ల జేఎన్‌టీయూలోని టెక్స్‌టైల్ టెక్నాలజీ శాఖకు మరింత దగ్గరి బంధుత్వముంది: తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ రూపొందించి 1990లో తొలిసారి రోగికి అమర్చిన కృత్రిమ గుండె కవాటం చుట్టూ కుట్టు వేసేందుకు ఉండే వలయం పాలిస్టర్ గుడ్డే. సాంచెల మీద నేసే సాధారణ పాలిస్టర్‌కూ దానికీ శుద్ధిలో, పరీక్షలో చాలా దూరమున్న మాట నిజమే గాని, ఆ దూరాన్ని దాటించే చదువు ఊరి పొలిమేరల్లోకే వచ్చింది.

2017 నాటి వైద్య పరికరాల నియమావళి 2018 జనవరి 1 నుంచి అమలై, 2020 ఏప్రిల్ నుంచి పరికరాలన్నీ ఔషధ చట్టం కిందికి రావడంతో, అనుమతి పత్రాలు, నాణ్యతా పరీక్షలు చూసే నిపుణుల కొలువులు కూడా ఏర్పడ్డాయి. అవి సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కు, విశాఖ మెడ్‌టెక్ జోన్, హైదరాబాద్‌లోని మెడ్‌ట్రానిక్ పరిశోధన కేంద్రం వంటిచోట్ల ఉన్నాయే తప్ప జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో కాదు. ఈ మూడు పట్టణాల్లో నేటికీ ఉన్నది ప్రధానంగా నిర్వహణ పనే. దానికి ఏజెన్సీ ఒప్పందాల స్థానంలో ప్రతి వైద్య కళాశాల ఆస్పత్రిలోనూ శాశ్వత బయోమెడికల్ విభాగాన్ని నెలకొల్పడం ప్రభుత్వం చేయవలసిన పని.