ఒరలోని కత్తి, చేతిలోని కత్తి

పరరాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పెక్కింటికి ఒక పాత భోషాణము, దాని అడుగున గుడ్డలో చుట్టిన ఒక కత్తియో, కటారియో ఉండుట అరుదు కాదు. ఏడాదికొకసారి మహానవమినాడు దానిని వెలికి తీసి, బొట్టు పెట్టి, ఆయుధపూజ ముగియగానే మరల అడుగున చేర్చుట ఆచారము. ఇట్టి వస్తువులకు వెల పెరిగినకొలది ఇండ్లలో ఒక చర్చయు పెరుగుచున్నది. విలువగల ఆయుధమును చేతబట్టి వాడవలెనా, తాళము వేసి దాచవలెనా? ఈ ప్రశ్నకు చరిత్ర ఏమి చెప్పుచున్నదో కొంత విచారింతము.

ముందుగా ఆ కత్తికి మూలమైన లోహమును గూర్చి తెలిసికొనవలెను. దక్షిణ దేశపు ఉక్కు ప్రాచీన కాలమునుండియు ప్రసిద్ధము. నేటి తెలంగాణములో నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రమను గ్రామమున మట్టిమూసలలో ఇనుమును కరగించి మేలైన ఉక్కు చేయుచుండిరి. ఆ పనిని స్వయముగా చూచిన హెన్రీ వాయిసీ అనునాతని వర్ణనము 1832లో ప్రకటితమైనది. ఆ ఉక్కుకొరకు పారశీక వర్తకులు అంత దూరము వచ్చుచుండిరని దానివలన తెలియుచున్నది. పాశ్చాత్యులు దీనిని ‘వూట్జ్’ అనిరి. అది ‘ఉక్కు’ అను మాటకు మారిన రూపమేయని పండితుల అభిప్రాయము. 1795లో లండను నగరమున జార్జి పియర్సను ఈ ఉక్కును పరీక్షించి రాయల్ సొసైటీకి నివేదించెను. కత్తుల పనివాడగు జేమ్సు స్టోడర్టు దీనితో పనిముట్లు చేసి మెచ్చుకొనెను. మైకేలు ఫారడే అతనితో కలిసి దీనిపై ప్రయోగములు సలిపెను. ఆ పనివాడు దీనిని మెచ్చినది వాదర నిలుచుటను చూచియే గాని మెరుపును చూచి కాదు. కనుక వాడుకయే కత్తికి ధర్మమను వారి మాటకు మొదటి బలము ఇచ్చటనే కలదు.

ఇక దాచుటను గూర్చి చూతము. దీనికి తంజావూరి కోటకంటె మంచి నిదర్శనము లేదు. 1532 ప్రాంతమున చెవ్వప్ప నాయకునితో ఆరంభమైన తంజావూరి నాయకరాజ్యము మన భాషకు రెండవ పుట్టినిల్లు. రఘునాథ నాయకుడు కత్తిని, గంటమును సమానముగా పట్టినవాడు. అతని కుమారుడు విజయరాఘవుడు 1673లో మధుర సేనలతో పోరి కూలెను. పిమ్మట మహారాష్ట్ర రాజులు వచ్చిరి. ఇట్లు రెండు వంశముల ఆయుధములు ఆ కోటలోని ఆయుధశాలయందు చేరినవి. పిడికిలిని కప్పు రెక్కలుగల కటారులు, మోచేతివరకు ఉక్కుతొడుగుగల పట్టాకత్తులు, ఐరోపానుండి వచ్చిన అలుగులకు మన పనివారు పిడులు తొడిగిన ఖడ్గములు వానిలో ఉండెను.

1855లో చివరి రాజు రెండవ శివాజీ పురుషసంతానము లేక మరణింపగా, కంపెనీవారు ఆ రాజ్యమును తమదిగా చేసికొనిరి. 1863లో ఆ ఆయుధరాశిలో పెద్దభాగమును విరుగగొట్టి పాత ఇనుము ధరకు అమ్మివేసిరి. ఏరి తీసిన కొన్ని మాత్రము మదరాసు ప్రభుత్వ మ్యూజియమునకు చేరినవి. అవి నేటికిని చెన్నైలోని ఎగ్మూరునందు ఉన్నవి. మరికొన్ని కడలు దాటి, న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియము వంటి చోట్లకు చేరినవి.

అదే కోటలో సరస్వతీ మహలు కూడ ఉన్నది. నాయకరాజుల కాలమున మొదలై, రెండవ శరభోజి కాలమున విశేషముగా పెరిగిన ఆ గ్రంథభాండారము 1918లో ప్రజలదైనది. అందలి తెలుగు తాళపత్రములు అనేకము అచ్చుపడి మన చేతికి వచ్చినవి. ఒకే కోట, ఒకే రాజులు. అయినను పుస్తకములు నిలిచినవి, ఖడ్గములు తుక్కైనవి. చదువువారు ఉన్నందున పుస్తకముల విలువ ఎరిగినవారు ఎప్పుడును ఉండిరి. ఆయుధములనో, ఇది ఎవరిది, ఏ పోరున పట్టినది అని చెప్పగలవారు లేకపోయిరి. తాళము వాని ఉక్కును కాపాడినది గాని వాని కథను కాపాడలేదు. కథ పోయిన పిమ్మట ఉక్కును తూకము వేయుట సులభమైనది.

ఈ రెండు తప్పులును మా యింటనే జరిగినవని చెప్పుటకు మేము సిగ్గుపడము. మా పెద్దలు తంజావూరి సీమకు వచ్చినప్పటివని చెప్పుకొను కటారులు రెండు మా వంశమున ఉండెను. అన్నదమ్ముల పంపకమున ఇంటికొకటి వచ్చినది. పెదతాతగారు తమదానిని తోలు ఒరతోకూడ పెట్టెలో పెట్టి, పండ్రెండేండ్లు తీయలేదు. తోలు వానకాలపు తేమను పీల్చి పీల్చి, తీయబోవునప్పటికి ఒరయు అలుగును తుప్పుతో ఒకటైపోయినవి. మా తాతగారు వాడుకయే పూజ అనువారు. టెంకాయలు కొట్టుటకును, అరటిగెలలు కోయుటకును దానినే పట్టిరి. ఏటేట సానపట్టగా అలుగు సన్నగిల్లినది. పూజకుముందు చింతపండుతో తోమగా ఉక్కుమీది నీటివంటి చారలు మాసినవి. ఎండలో ఉంచగా పిడిలోని లక్క కరగి అలుగు కదలినది. ఒకరు దాచి చెరచిరి, ఒకరు వాడి చెరచిరి.

మిగిలిన కటారిని మంచి వెలకు కొందుమని ఒక వర్తకుడు వచ్చినప్పుడు మేమందరము కూర్చుండి ఆలోచించితిమి. చిన్నవారిలో ఒకరు, “పెదనాన్నగారూ, వాడము, చూడము, అమ్మినయెడల తప్పేమి?” అని అడిగిరి. న్యాయమైన ప్రశ్న. దానికి మేము మాటతోగాక పనితో బదులు చెప్పదలచితిమి. కోతపనికి కమ్మరిచేత కొత్త కత్తి చేయించితిమి. పాతదానికి సాన మాన్పించితిమి. అలుగును తోలు ఒరనుండి వేరుచేసి, పలుచని ఖనిజతైలము పూసి, నూలుగుడ్డలో చుట్టి ఉంచుచున్నాము. ఆరునెలలకొకసారి తీసి చూచుచున్నాము. చేతిచెమట తగిలినచోట తుడిచి మరల నూనె పూయుదుము. బొట్టు అలుగుపై గాక ఒరపై పెట్టుదుము. నూరేండ్లు నిండిన ఇట్టి వస్తువు 1972నాటి పురావస్తు చట్టము క్రిందికి వచ్చును. దానిని దేశము దాటించుటకు వ్యక్తులకు అధికారము లేదు. కత్తులు, కటారులు 1959నాటి ఆయుధముల చట్టమునకును లోబడినవి; కావున తమ ప్రాంతపు నిబంధనలను అందరును ముందుగా తెలిసికొనుట మేలు.

మహానవమినాడు మాత్రము ఇంటిలోని ప్రతి బిడ్డయు దానిని ఒకమారు రెండు చేతులతో పట్టవలెను. దాని కథను తెలుగున చెప్పవలెను. ఆ ప్రశ్న అడిగినవారే మొదటి యేడు ఆ కథ చెప్పిరి. తడబడిరి, నడుమ తమిళపు మాటలు దొర్లినవి, అయినను చెప్పిరి. కటారికి ఇకమీద ఇదియే వాడుక.

అప్పుడు మాకొకటి తోచినది. పరభాషల నడుమ మన పెద్దలు మనకు వదలినవి రెండు: ఈ ఉక్కు, ఈ మాట. ఉక్కు వాడినకొలది అరుగును. కనుక దానికి మితము కావలెను. మాట అట్టిది కాదు. దానికి సాన ఎంత పట్టినను తరుగులేదు; పెట్టెలో పెట్టినయెడల మాత్రము ఒక తరములోనే తుప్పుపట్టును. కత్తిని దాచుకొనుడు, తప్పులేదు. తెలుగును మాత్రము దాచకుడు.